శుద్ధరాత్రి పాట: అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా మా సంఘంలో క్వయర్‌కు పాటలు నేర్పుతున్నాను. ఎన్ని కొత్త పాటలు వచ్చినా, క్రిస్మస్ ప్రాక్టీసులో పిల్లలు ముందుగా అడిగేది ‘శుద్ధరాత్రి’నే (ఇంగ్లీషులో ‘సైలెంట్ నైట్’). ఆ పాట చుట్టూ అల్లుకున్న మాటలూ అన్నే ఉన్నాయి.

అపోహ: చర్చిలో గాలితో మోగే ఆర్గాన్ తిత్తులను ఎలుకలు కొరికేశాయి, అది మోగకపోవడంతో రాత్రికి రాత్రి ఈ పాట పుట్టింది.

వాస్తవం: సండే స్కూల్లో నేనూ ఇదే విన్నాను. నిజానికి మాటలు రెండేళ్ల ముందువి. ఆస్ట్రియాలోని మరియాప్‌ఫార్‌లో సేవ చేస్తున్న యువ క్యాథలిక్ ఫాదర్ జోసెఫ్ మోర్ 1816లో ఆరు చరణాలు రాశారు. 1818 డిసెంబరు 24న ఓబెర్న్‌డోర్ఫ్‌లో వాటిని ఫ్రాంజ్ గ్రూబర్‌కు ఇచ్చి, రెండు గొంతులకూ గిటారుకూ సరిపోయేలా బాణీ కట్టమన్నారు. గ్రూబర్ దగ్గర్లోని ఆర్న్స్‌డోర్ఫ్‌లో బడిపంతులు. బాణీ మాత్రం ఆ రోజుదే, ఆ రాత్రే ఇద్దరూ కలిసి పాడారు. గ్రూబర్ 1854లో స్వయంగా రాసిన వివరణలో ఎలుకల ఊసే లేదు.

అపోహ: ఇది ఎవరు రాశారో తెలియని జానపదం.

వాస్తవం: పేర్లు దారిలో రాలిపోయాయంతే. ఆర్గాన్లు తయారుచేసే కార్ల్ మౌరాఖర్ పాటను ఆస్ట్రియాలోనే ఉన్న టిరోల్ ప్రాంతానికి తీసుకెళ్లారు. అక్కడి గాయక కుటుంబాలు ఊరూరా పాడాయి. రైనర్ కుటుంబం 1839లో న్యూయార్క్‌లోనూ పాడింది. బాణీ ప్రసిద్ధ స్వరకర్త హైడన్‌ది కాబోలు అనుకున్నవాళ్లూ ఉన్నారు. చివరికి 1995లో మోర్ చేతిరాత ప్రతి బయటపడింది. అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. గిటారు గుడికి తగదనే పెద్దలకు నేను గిటారుతో పాడిన ఆ మొదటి రాత్రి కథే చెబుతాను.

అపోహ: ఎంత సాగదీస్తే అంత భక్తి.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఇది లాలిపాట. గ్రూబర్ రాసుకున్నది 6/8 లయలో, అంటే ఉయ్యాల ఊపులో. మరీ సాగదీస్తే ఆ ఊపు ఆగిపోతుంది, పిల్లలకు ఊపిరి చాలక మాట మధ్యలో విరుగుతుంది. ‘సద్ధణంగ’ అంటే ఏమిటని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. సద్దు అణగిపోగా, చప్పుడు లేకుండా అని చెప్పి, ఆ ఒక్క మాటనే గొంతు తగ్గించి నాలుగుసార్లు అనిపిస్తాను. ఆ తర్వాత పాట మొత్తం దానంతట అదే మెత్తబడుతుంది.

అపోహ: తేలిక పాట, ఏ శ్రుతిలోనైనా పాడేయొచ్చు.

వాస్తవం: కింది స్వరం నుంచి పై స్వరానికి ఒక స్థాయి దాటి ఇంకో మూడు మెట్లుంటాయి. ఆ పై స్వరం వచ్చేది చివర్లో, అందరూ అలసిపోయాక. డి మేజర్ శ్రుతిలో ఎత్తుకుంటే సంఘంలో సగంమంది అక్కడ నోరు మూసేస్తారు. కీబోర్డు మీద బి ఫ్లాట్‌కు దించుకోండి. ఆఖరి చరణానికి కీబోర్డు కూడా ఆపేసి, గొంతులు మాత్రమే విననివ్వండి.