కొందామన్నా దొరకని పాత గేమ్‌లు

2024 అక్టోబర్ 25న అమెరికా కాపీరైట్ ఆఫీసు, చట్టం నుంచి మినహాయింపు కోరిన ఒక విన్నపాన్ని తోసిపుచ్చింది. లైబ్రరీలు, ఆర్కైవ్‌లు భద్రపరిచిన పాత వీడియో గేమ్‌లను, అవి ఇప్పుడు ఎక్కడా అమ్మకానికి లేకపోతే, పరిశోధకులు ఇంటి నుంచే ఆడి చూడడానికి అనుమతించాలని లైబ్రరీల తరఫున అడిగారు. కుదరదన్నారు. గేమ్‌లు కాని పాత సాఫ్ట్‌వేర్‌కు 2021లోనే ఈ వెసులుబాటు ఇచ్చారు. గేమ్ చూడాలంటే మాత్రం ఆ లైబ్రరీ ఉన్న ఊరికి వెళ్లి, ఆ భవనంలోనే కూర్చోవాలి. జనం పరిశోధన పేరు చెప్పి సరదాకి ఆడేస్తారని, రీ-రిలీజ్‌ల మార్కెట్ దెబ్బతింటుందని గేమ్ కంపెనీల సంఘం వాదించింది.

అసలు మార్కెట్లో ఏం మిగిలిందో చూస్తే ఈ వాదన బలం తెలుస్తుంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్, సాఫ్ట్‌వేర్ ప్రిజర్వేషన్ నెట్‌వర్క్ కలిసి 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు కొనడానికి దొరకవు. అమెరికన్ మూకీ సినిమాల్లో అసలు రూపంలో మిగిలినవి సుమారు 14 శాతమేనని అంటారు. తేడా ఏమిటంటే, ఆ సినిమాల రీళ్లు కాలిపోయాయి, పాడైపోయాయి. గేమ్‌లు చాలావరకు భద్రంగానే ఉన్నాయి. ఉండి కూడా చట్టబద్ధంగా అందవు.

ఈ పరిస్థితికి మూలాలు 1980ల మొదట్లో ఉన్నాయి. 1977లో వచ్చిన, టీవీకి కలిపి ఆడే అటారీ 2600 మెషీన్‌కు మొదట్లో అటారీయే గేమ్‌లు చేసేది. 1979లో ఆ కంపెనీ నుంచి బయటికొచ్చిన ప్రోగ్రామర్లు యాక్టివిజన్ పెట్టి, అదే మెషీన్‌కు గేమ్‌లు అమ్మడం మొదలుపెట్టారు. అటారీ కోర్టుకెళ్లింది, చివరికి రాయల్టీ ఒప్పందంతో రాజీ పడింది. ఆ తర్వాత తలుపులు బార్లా తెరుచుకున్నాయి. నాసిరకం గేమ్‌లు షాపుల నిండా చేరాయి. 1982 క్రిస్మస్ కోసం ‘ఈ.టీ.’ గేమ్‌ను హోవార్డ్ స్కాట్ వార్షా దాదాపు ఐదు వారాల్లో తయారు చేయాల్సి వచ్చింది. 1983లో అమెరికా హోమ్ వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది. మిగిలిపోయిన సరుకును అటారీ న్యూ మెక్సికోలోని అలమగోర్డోలో చెత్త పారబోసే చోట పాతిపెట్టింది. 2014 ఏప్రిల్‌లో తవ్వితే సుమారు 1,300 క్యాసెట్లు బయటపడ్డాయి, వాటిలో ఒకటి స్మిత్‌సోనియన్ మ్యూజియంకు చేరింది. ముప్పై ఏళ్ల కిందటి చెత్త మ్యూజియం వస్తువైంది. ఏది దాచదగ్గదో అమ్మేవాళ్లకు ముందుగా తెలియదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

జపాన్ గేమ్ కంపెనీ నింటెండో ఈ పతనం నుంచి ఒక గట్టి పాఠం నేర్చుకుంది. 1983 జులై 15న జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ మెషీన్‌లో తాళం లాంటిదేమీ లేదు. 1985లో అదే మెషీన్‌ను రూపం మార్చి ఎన్‌ఈఎస్ పేరుతో అమెరికాకు తెచ్చినప్పుడు మాత్రం లోపల 10ఎన్‌ఈఎస్ అనే చిప్ పెట్టింది. క్యాసెట్‌లో దాని జోడీ చిప్ లేకపోతే గేమ్ నడవదు. క్యాసెట్ల తయారీ నింటెండో చేతిలోనే ఉండేది, లైసెన్స్ తీసుకున్న కంపెనీ ఏడాదికి ఐదు గేమ్‌లకు మించి వేయకూడదు. చెత్త గేమ్‌లు తగ్గిన మాట నిజమే. కానీ డబ్బిచ్చి కొన్న వస్తువును ఎలా వాడుకోవాలో తయారీదారే నిర్ణయించే పద్ధతి ఇళ్లలోకి వచ్చింది కూడా అప్పుడే.

మన కథ వేరేగా నడిచింది. ఫ్యామికామ్‌కు తాళం లేదు కాబట్టి తైవాన్‌లో దాని చిప్‌లకు నకళ్లు తయారయ్యాయి. వాటితో చేసిన మెషీన్లు రష్యాలో డెండీగా, పోలాండ్‌లో పెగాసస్‌గా, మన దగ్గర రకరకాల పేర్లతో ‘టీవీ వీడియో గేమ్’గా ఇల్లిల్లూ తిరిగాయి. హైదరాబాద్, విజయవాడల్లో 90లలో పెరిగిన పిల్లల్లో చాలామంది కాంట్రా, మారియో, డక్ హంట్ ఆడింది ఈ నకలు మెషీన్ల మీదే. ‘9999 ఇన్ 1’ అని రాసున్న పసుపు క్యాసెట్ పెడితే, లోపల ఉండేవి కొన్ని గేమ్‌లే, పేర్లు మార్చి మళ్లీ మళ్లీ వచ్చేవి. అయినా ఆ క్యాసెట్లలో తైవాన్‌లో లైసెన్స్ లేకుండా చేసిన సొంత గేమ్‌లు, ఒక గేమ్ బొమ్మలు మార్చి తయారు చేసిన ఇంకో గేమ్‌లు కూడా ఉండేవి. వాటి మీద చేసినవాళ్ల పేర్లు ఉండవు. ఏ కంపెనీ వాటిని మళ్లీ విడుదల చేయదు. అవి మిగలాలంటే అభిమానులు చిప్‌లోని డేటాను బయటికి తీసి దాచడం ఒక్కటే దారి. ఆ 87 శాతం లెక్క అమెరికా విడుదలలకే, ఈ క్యాసెట్లు అందులోకి రావు.

1997లో ఎమ్యులేటర్లు, అంటే పాత గేమ్ మెషీన్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్‌లు, ఊపందుకున్నాయి. ఆ ఫిబ్రవరిలో ఇటలీకి చెందిన నికోలా సల్మోరియా ఆర్కేడ్ గేమ్‌ల (నాణెం వేసి ఆడే పెద్ద మెషీన్ల) కోసం మేమ్ అనే ఎమ్యులేటర్‌ను విడుదల చేశారు. ప్లేస్టేషన్ గేమ్‌లను కంప్యూటర్‌పై నడిపే కనెక్టిక్స్ కంపెనీ ప్రోగ్రామ్‌పై సోనీ కేసు వేస్తే, 2000లో అప్పీల్ కోర్టు కనెక్టిక్స్ వైపే తీర్పిచ్చింది. తర్వాత సోనీయే ఆ ప్రోగ్రామ్‌ను కొని ఆపేసింది. అప్పటి నుంచి నడుస్తున్న అవగాహన ఇది: ఎమ్యులేటర్ తయారీ దానంతట అది నేరం కాదు, గేమ్ కాపీని పంచితేనే తప్పు. 2018లో గేమ్ కాపీలు పంచే ఒక పెద్ద సైట్ నడిపినవాళ్లు నింటెండోకు కోటీ 20 లక్షల డాలర్లకు పైగా చెల్లించాలనే తీర్పు వచ్చింది. అది చూసి మరికొన్ని సైట్లు తమంతట తామే మూతపడ్డాయి.

ఇక్కడ కంపెనీల హక్కును నేను కాదనడం లేదు. కష్టపడి చేసిన గేమ్‌ను అమ్ముతున్నంతకాలం కాపాడుకోవాల్సిందే. కానీ అమెరికా చట్టంలో కంపెనీ పేరిట ఉన్న రచనకు ప్రచురణ నుంచి 95 ఏళ్ల రక్షణ ఉంటుంది. ఆ లెక్కన 1985 నాటి గేమ్‌కు 2080 చివరిదాకా కాపీరైట్ ఉన్నట్టే. అప్పటికి ఆ క్యాసెట్లలోని చిప్‌లు పనిచేస్తాయా? కంపెనీలే దాచుకుంటాయనుకోవడానికీ లేదు. ‘కింగ్‌డమ్ హార్ట్స్’ను హెచ్‌డీలో తేవాలనుకున్నప్పుడు అసలు డేటా పోయిందని తెలిసి చాలా భాగం మళ్లీ తయారు చేసుకున్నారు. ‘సైలెంట్ హిల్’ హెచ్‌డీ కలెక్షన్ చేసినవాళ్లకు చేతికందింది పూర్తి కాని కోడ్.

చేతిలో పట్టుకునే క్యాసెట్ పోయాక సమస్య ముదిరింది. 2019 జనవరి 30న నింటెండో ఆన్‌లైన్ దుకాణం వీ షాప్ మూతపడింది, 2023 మార్చి 27న దాని 3డీఎస్, వీ యూ మెషీన్ల ఈ-షాపుల్లో కొనుగోళ్లు ఆగిపోయాయి. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ తన ‘ది క్రూ’ సర్వర్లను ఆపేయడంతో, డబ్బిచ్చి డిస్క్ కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. ఆ కోపంలోంచే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టారు. సర్వీసు ఆపినా గేమ్ ఆడే స్థితిలో మిగలాలని యూరోపియన్ యూనియన్‌ను కోరే వినతికి 2025 జులై చివరికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. కాలిఫోర్నియాలో 2025 నుంచి అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ గేమ్ కొనేవాళ్లకు దక్కేది లైసెన్స్ మాత్రమేనని ఆన్‌లైన్ షాపు ముందే స్పష్టంగా చెప్పాలి.

అమెరికాలో ఈ మినహాయింపులను మూడేళ్లకోసారి సమీక్షిస్తారు. లైబ్రరీలు మళ్లీ అడిగే అవకాశం 2027 సమీక్షలో వస్తుంది.