పది పౌండ్లకు ఆడనన్న విలియం గన్

జీఎం స్టిక్కర్ మన కుర్రాళ్లకు కొత్తేమీ కాదు. స్పోర్ట్స్ షాపులో గోడకు ఆనించి పెట్టిన బ్యాట్లలో ఎస్ఎస్, ఎస్‌జీల పక్కన అదీ కనిపిస్తుంది. మా వీధిలో ఒకడు ఆ స్టిక్కర్ విడిగా సంపాదించి నాటు బ్యాటుకు అంటించుకున్నాడు. రెండు వానలకే ఊడిపోయింది గానీ, ఆ వారం పది రోజులు వాడి బ్యాటు ముట్టుకోవాలంటే వాడి పర్మిషన్ కావాల్సి వచ్చేది. జీ అంటే గన్, ఎం అంటే మూర్ అని చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు తెలియలేదు. ఆ గన్ ఇంగ్లండ్‌కు ఫుట్‌బాలూ క్రికెట్టూ రెండూ ఆడినవాడు, డబ్బు చాలలేదని టెస్టు మ్యాచ్ వదులుకున్నవాడు అని తెలిసింది ఇంకా తర్వాత.

ఆటగాళ్లు డబ్బు గురించి నోరు విప్పినప్పుడల్లా మొదటగా వినిపించే మాట ఒకటుంది: దేశానికి ఆడటమే గొప్ప, మళ్లీ డబ్బు అడగడమేమిటి? 1977లో, బోర్డులను కాదని సొంత క్రికెట్ సిరీస్ పెట్టిన ఆస్ట్రేలియా టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ వైపు వెళ్లినవాళ్లు ఈ మాట పడ్డారు. 2017లో బోర్డుతో తగవుపడిన ఆస్ట్రేలియా ఆటగాళ్లకూ, 2019 అక్టోబరులో సమ్మె చేసిన బంగ్లాదేశ్ క్రికెటర్లకూ తప్పలేదు. ఆ మాటకు నూట పాతికేళ్ల పైనే వయసుంది. అది ఎక్కడ బలంగా పాతుకుందో చూడాలంటే గన్ జీవితాన్ని మించిన చోటు నాకు కనిపించలేదు.

విలియం గన్ 1858 డిసెంబరు 4న నాటింగ్‌హామ్‌లో పుట్టాడు. ఆరడుగుల మీద ఇంకో రెండు మూడు అంగుళాల ఎత్తు. 1880లో నాటింగ్‌హామ్‌షైర్ కౌంటీ (కౌంటీ అంటే అక్కడి జిల్లా లాంటిది) జట్టు తరఫున క్రికెట్ మొదలుపెట్టి 1904 దాకా ఆడాడు. చలికాలం వస్తే అదే ఊళ్లో నాట్స్ కౌంటీ క్లబ్బుకు ఫుట్‌బాల్ ఫార్వర్డ్. బంతి గీత దాటితే ఒంటి చేత్తో ఎక్కడో ఉన్న గోల్ ముందుకు విసిరేవాడు. త్రో-ఇన్ రెండు చేతులతోనే వేయాలన్న నిబంధన 1882లో వచ్చింది. గన్ విసురుడు చూసి బెదిరే ఆ నిబంధన పెట్టారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

1884 మార్చి 15, శనివారం గ్లాస్గోలో స్కాట్లండ్‌తో ఆడి ఇంగ్లండ్ 0-1తో ఓడింది. సోమవారం రెక్సమ్‌లో వేల్స్ మీద 4-0తో గెలిచింది, అందులో ఒక గోల్ గన్‌ది. ఇంగ్లండ్‌కు అతను ఆడిన ఫుట్‌బాల్ మొత్తం ఆ మూడు రోజుల్లోనే అయిపోయింది.

ఇక్కడో విచిత్రం ఉంది. వేసవిలో క్రికెట్ ఆడి గన్ బాహాటంగా డబ్బు తీసుకునేవాడు. క్రికెట్‌లో ప్రొఫెషనల్ అంటే కూలికి ఆడేవాడు, అందులో దాపరికమేమీ లేదు. చలికాలంలో ఫుట్‌బాల్ ఆడి డబ్బు తీసుకుంటే మాత్రం నేరం. అలాగని ఎవరూ ఇవ్వడం లేదా అంటే, ఉత్తరాది మిల్లు ఊళ్ల క్లబ్బులన్నీ లోపాయికారీగా ఇస్తూనే ఉన్నాయి. 1884 జనవరిలో ఎఫ్ఏ (ఫుట్‌బాల్ అసోసియేషన్) కప్ మ్యాచ్ తర్వాత, ప్రెస్టన్ తన ఆటగాళ్లకు డబ్బిస్తోందని అప్టన్ పార్క్ క్లబ్బు ఫిర్యాదు చేస్తే, ప్రెస్టన్ నార్త్ ఎండ్ పెద్ద విలియం సడెల్ బుకాయించలేదు. అవును ఇస్తున్నాం, అందరూ ఇస్తున్నారు అన్నాడు. ప్రెస్టన్‌ను పోటీ నుంచి గెంటేశారు. తర్వాత క్లబ్బులు విడిపోతామని బెదిరించాయి. చివరికి 1885 జులై 20న ఫుట్‌బాల్ అసోసియేషన్ దిగొచ్చి ప్రొఫెషనల్ ఆటను ఒప్పుకుంది, అదీ షరతులతో. కప్ మ్యాచుల్లో ఆడాలంటే క్లబ్బుకు ఆరు మైళ్ల లోపు పుట్టి ఉండాలి, లేదా రెండేళ్లు అక్కడ కాపురముండాలి. మూడేళ్లకు 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైతే అందులో నాట్స్ కౌంటీ ఒకటి.

మన దగ్గర ఇది ఇంకో రూపంలో నడిచింది. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నీ కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆటగాళ్లకు పోలీసు కొలువే జీతం. స్పోర్ట్స్ కోటాలో రైల్వే, బ్యాంకు ఉద్యోగం దొరికితే చాలనుకున్న తరాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. ఆటకు నేరుగా డబ్బివ్వడం ఎక్కడైనా ఇబ్బందే, చుట్టు తిప్పి ఇస్తే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇంగ్లండ్ క్రికెట్‌లో ఆ చుట్టు పేరు ‘అమెచ్యూర్’. డబ్బు తీసుకోనివాడు జెంటిల్‌మన్, తీసుకునేవాడు ప్లేయర్. డ్రెస్సింగ్ రూములు వేరు, మైదానంలోకి వచ్చే గేట్లు వేరు. స్కోరు కార్డులో జెంటిల్‌మన్‌కు ఇనీషియల్స్ ఇంటిపేరుకు ముందు, ప్లేయర్‌కు వెనక. నమ్మబుద్ధి కాదు గానీ, 1950 ప్రాంతంలో కూడా లార్డ్స్‌లో మైకు పట్టుకుని మరీ దిద్దారు. స్కోరు కార్డులో ప్రొఫెషనల్ ఫ్రెడ్ టిట్మస్ ఇనీషియల్స్ పొరపాటున ముందు పడ్డాయి, వెనక ఉండాలి అని!

అయితే అమెచ్యూర్లు నిజంగా ఉత్తినే ఆడేవాళ్లా? ఆ కాలపు ఇంగ్లండ్ క్రికెట్‌లో అందరికంటే పెద్ద పేరున్న డాక్టర్ డబ్ల్యూ.జి. గ్రేస్‌ను మించిన అమెచ్యూర్ లేడు. 1891-92లో లార్డ్ షెఫీల్డ్ జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లినందుకు ఆయనకు ముట్టింది 3,000 పౌండ్లు. ప్రొఫెషనల్స్‌కు తలా 300 ఇస్తామన్నారు. గన్, అతని నాటింగ్‌హామ్ నేస్తం ఆర్థర్ ష్రూస్‌బరీ చాలదని రామన్నారు. 1895లో గ్రేస్ కోసం దేశమంతా చందాలు పోగుచేస్తే 9,000 పౌండ్లు దాటాయి. అయినా ఆయన అమెచ్యూరే.

గన్ రామనగలిగాడంటే కారణముంది. ఫుట్‌బాల్‌లో జీతం చట్టమైన 1885లోనే అతను థామస్ జేమ్స్ మూర్‌తో కలిసి నాటింగ్‌హామ్‌లో బ్యాట్ల వ్యాపారం పెట్టాడు. ష్రూస్‌బరీకీ తోటి ఆటగాడు ఆల్ఫ్రెడ్ షాతో కలిసి అలాంటి దుకాణమే ఉంది. 1881లో నాటింగ్‌హామ్‌షైర్ జట్టును నడిపే కౌంటీ కమిటీ మీద ఏడుగురు ఆటగాళ్లు సమ్మె కడితే ముందు నిలబడింది ఈ షా, ష్రూస్‌బరీలే. కమిటీ మెట్టు దిగలేదు, సమ్మె విరిగింది. అప్పటికి గన్ జట్టులోకి వచ్చి ఏడాది, ఆ ఏడుగురిలో లేడు. ఆ గొడవ నుంచి అతను ఏం నేర్చుకున్నాడో రాసిపెట్టలేదు గానీ, కమిటీ దయ మీద ఆధారపడని తిండి ముందు చూసుకున్నాడన్నది మాత్రం కళ్లెదుట కనిపిస్తోంది.

ఆటలో కూడా తొందరపాటు మనిషి కాదు. 1890లో లార్డ్స్‌లో ప్లేయర్స్ జట్టు తరఫున ఆస్ట్రేలియన్ల మీద తొమ్మిది గంటలకు పైగా నిలబడి 228 కొట్టాడు. అదే ఏడాది ససెక్స్ మీద ష్రూస్‌బరీతో రెండో వికెట్‌కు 398 పరుగులు. 1893లో ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానానికి మొదటి టెస్టు సెంచరీ అతనిదే, 102 నాటౌట్.

1896 ఆగస్టు. ఆస్ట్రేలియాతో సిరీస్ 1-1. ఓవల్‌లో ఆఖరి టెస్టు. అప్పట్లో ఏ కౌంటీ మైదానంలో టెస్టు జరిగితే ఆ కౌంటీ కమిటీయే జట్టును ఎంచేది, అంటే ఇక్కడ సర్రే. ప్రొఫెషనల్‌కు టెస్టు ఫీజు 10 పౌండ్లు. ఐదుగురు 20 కావాలన్నారు: సర్రే ఆటగాళ్లు లోమన్, ఏబెల్, రిచర్డ్‌సన్, హేవర్డ్, నాటింగ్‌హామ్ నుంచి గన్. గేటు దగ్గర జనం విరగబడుతుంటే వచ్చే డబ్బెంతో వాళ్లకు తెలియనిది కాదు. పైగా గ్రేస్‌కు ‘ఖర్చుల’ పేరుతో ముట్టే డబ్బు గురించి అందరూ గుసగుసలాడుకుంటున్నారు. పత్రికలు అడిగినవాళ్ల మీదే విరుచుకుపడ్డాయి. సర్రే కమిటీ పనిగట్టుకుని ప్రకటన ఇచ్చింది: లండన్ వచ్చి మూడు రోజులు ఉండటానికి గ్రేస్‌కు మ్యాచ్‌కు 10 పౌండ్లు ఇస్తున్నాం, అంతకుమించి ఏమీ లేదు అని. సరిగ్గా ప్రొఫెషనల్ కూలి ఎంతో జెంటిల్‌మన్ ఖర్చూ అంతేనట. ఆ లెక్క చదివి ఎవరికీ నవ్వు రాలేదేమో!

ఏబెల్, రిచర్డ్‌సన్, హేవర్డ్ వెనక్కి తగ్గి ఆడారు. లోమన్, గన్ ఆడలేదు. ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్‌లో 44కే కుప్పకూలింది, ఇంగ్లండ్ 66 పరుగులతో గెలిచింది. మీరు లేకపోయినా ఆగలేదు అనడానికి కమిటీకి అంతకంటే ఏం కావాలి? లోమన్ తర్వాత క్షమాపణ చెప్పుకున్నా ఇంగ్లండ్‌కు మళ్లీ ఆడలేదు. ఆయనకు దుకాణం లేదు.

గన్‌కు మాత్రం పిలుపు వచ్చింది. 1899లో టెస్టు ఫీజు 20 పౌండ్లయింది. ఆ వేసవి మొదటి టెస్టు అతని సొంత మైదానం ట్రెంట్ బ్రిడ్జ్‌లోనే, అక్కడ జరిగిన మొట్టమొదటి టెస్టు అది. నలభై ఏళ్ల గన్, యాభై దాటిన గ్రేస్ ఒకే జట్టులో ఆడారు. ఇద్దరికీ అదే ఆఖరి టెస్టు. జెంటిల్‌మన్, ప్లేయర్ అన్న తేడా పోవడానికి మాత్రం ఇంగ్లండ్ క్రికెట్‌కు 1962 దాకా పట్టింది.

ఆట మానేశాక గన్ నాట్స్ కౌంటీలో డైరెక్టరుగా ఉన్నాడు. సోదరుడి కొడుకులు జాన్, జార్జ్ ఇద్దరూ ఇంగ్లండ్‌కు ఆడారు. 1921 జనవరి 29న నాటింగ్‌హామ్‌లోనే చనిపోయాడు. వదిలివెళ్లిన ఆస్తి 50 వేల పౌండ్లకు పైనే. ఇంగ్లండ్ గడ్డ మీద అతను ఆడిన టెస్టులు తొమ్మిది. మ్యాచ్‌కు 10 చొప్పున, ఆఖరిదానికి 20 వేసుకుంటే, సొంత గడ్డ మీద దేశానికి ఆడి సంపాదించింది వంద పౌండ్లు.