నీళ్ళు తోడుకోవాలి

అమ్మలుకీ, బుజ్జిబాబుకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్లో అమ్మలు ఏడుస్తూ అడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "తాతయ్యా, రోజూ నీళ్ళు మార్చాను. గులకరాళ్ళు కూడా తీసి కుళాయి కింద తోమాను. అంత శుభ్రంగా ఉంచినా గప్పీ చేపలు ఎందుకు చచ్చిపోయాయి?"

మీ నాన్న చలికి పోయాయన్నాడు. నాకైతే ఆ తోమడం మీదే అనుమానం. నువ్వు చేసిన తప్పేం లేదు తల్లీ, నీకెవరూ చెప్పలేదంతే. తొట్టె కొన్న రోజే పది చేపలు సంచిలో పోసి ఇచ్చిన షాపతను చెప్పి ఉండాల్సింది.

మీ నానమ్మ పాలు తోడు పెట్టడం ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? పాలు కాచి, దించి, చిటికెన వేలు ముంచి చూస్తుంది. వేలికి గోరువెచ్చగా తగిలితేనే చెంచాడు పెరుగు కలుపుతుంది. వేడి వేడి పాలలో వేస్తే తోడు చచ్చిపోతుంది. ఇంట్లో పెరుగు లేకపోతే పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్తుంది. ఇక ఈ ధనుర్మాసం చలిలోనైతే గిన్నెకి పాత తువ్వాలు చుట్టి పొయ్యి పక్కన పెడుతుంది. తెల్లారేదాకా ఎవరూ కదపకూడదు. నేను చిన్నప్పుడు తోడుకుందా లేదా అని గంటకోసారి మూత తీసి గిన్నె వంచేవాణ్ణి. పొద్దున్నకి విరిగిన నీళ్ళే మిగిలేవి.

మీ గాజు తొట్టె కూడా ఒక పాలగిన్నే. చేప తిన్నది విసర్జిస్తుంది, ఊపిరి వదులుతుంది. అందులోంచి అమ్మోనియా పుడుతుంది. అది కంటికి కనపడదు, కానీ చేప మొప్పల్ని కాల్చేస్తుంది. చెరువులోనైనా తొట్టెలోనైనా రాళ్ళ మీద, ఇసుక మీద జిగురు పొరలా బతికే సూక్ష్మజీవులుంటాయి. ఒక జాతి అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది చేపకి పెద్దగా హాని చెయ్యదు, మొక్కకి తిండి. ఆ జీవులే తోడు. నువ్వు కుళాయి కింద తోమి పారబోసింది వాటినే. పైగా కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. వేడి పాలు తోడుని చంపినట్టు అది వీటిని చంపుతుంది.

పాలు రాత్రికి రాత్రే తోడుకుంటాయి. నీళ్ళు తోడుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. చలికాలం ఇంకాస్త ఎక్కువ. మొదటి వారంలో నీళ్ళు తరవాణిలా మసకబారితే కంగారుపడి పారబొయ్యొద్దు, వాటంతట అవే తేరుకుంటాయి. నీ స్నేహితురాలింట్లో ఆరు నెలలుగా బాగున్న తొట్టె ఉందన్నావుగా, గిన్నె పట్టుకెళ్ళి గుప్పెడు గులకరాళ్ళు అడిగి తెచ్చుకో. వాటిని తడి ఆరనివ్వకు. పెరుగు రోజులు గడిస్తే పులుస్తుంది కదా, నీళ్ళూ అంతే, నిజంగానే పులుపెక్కుతాయి. అందుకే వారానికోసారి పావువంతు నీళ్ళు తీసి, బకెట్లో ఒక రోజంతా మూత లేకుండా నిలవ ఉంచిన నీళ్ళు పొయ్యాలి. ఫిల్టరు స్పాంజిని ఆ తీసిన పాత నీళ్ళలోనే పిండాలి.

మన ఊళ్ళో నుయ్యి పక్కన రెండు నీళ్ళ గోలేలుండేవి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నారాయణపురం ఆనకట్ట కాలువకి నీళ్ళు ఆపేశారు. గెడ్డలో, అంటే వాగులో, మడుగులు మిగిలాయి. గుంటలమంతా తువ్వాలు అటొకరూ ఇటొకరూ పట్టుకుని పరిగె చేపలు పట్టాం. మంచివనుకున్నవి ఏరి, నేను కొబ్బరిపీచుతో తెల్లగా తోమిన గోలెంలో వేశాను. మిగిలినవి పనస చెట్టు కింద పాచి పట్టిన పాత గోలెంలో. మూడోనాటికి తెల్ల గోలెంలోవి వెల్లకిలా తేలాయి. పాచి గోలెంలోవి సంక్రాంతి దాటినా తిరుగుతూనే ఉన్నాయి. మా అమ్మ ఏమీ అనలేదు. పీచు నా చేతిలోంచి తీసుకుని గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

సరే, ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టండి. ముందు చేపలు కాదు, మొక్కలు. 2 అడుగుల మీ తొట్టెలో అడుగున అంగుళం మందాన చెరువు మట్టి వెయ్యండి. గత్తం ఎరువు కలిసిన మట్టి వద్దు, అందులోంచీ అమ్మోనియా వస్తుంది. దాని మీద అంగుళంన్నర ముతక ఇసుక. నాగావళి ఏటి ఇసుక నేను కడిగి ఆరబెట్టి పంపుతాను. మధ్యలో ఒక పళ్ళెం పెట్టి దాని మీద మెల్లగా నీళ్ళు పొయ్యండి, మట్టి లేవదు. హైడ్రిల్లా నాచు, రిబ్బన్ల లాంటి ఆకులుండే వాలిస్నేరియా చాలు. నాటిన వారానికి ఆకులు వాడి రాలితే బెంగపడకండి. మన వరి ఉభాలు చూశారుగా, ఆకు తీసి నాటిన మడి నాలుగు రోజులు పసుపు పచ్చగా తలవాల్చి, వేరు పట్టాక నిలబడదూ?

లైటు రోజుకి 7 గంటలు చాలు. ఎక్కువ వెలిగిస్తే మొక్క కన్నా పాచి ముందు పెరుగుతుంది. నెలన్నర తర్వాత నాలుగే నాలుగు గప్పీలు. రెండు నిమిషాల్లో తినేసేంత మేత, రోజుకొక్కసారి. బుజ్జిబాబూ, జాలిపడి పిడికిళ్ళతో వెయ్యకు.

మొక్కలు గుబురైతే కత్తిరించి ఎండబెట్టి పూలకుండీలో వెయ్యండి, చెరువులో మాత్రం పారెయ్యొద్దు. గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి పువ్వు బాగుందని తెచ్చుకున్నదే. ఇప్పుడది ఎన్ని చెరువుల్ని కప్పేసిందో మీరు రోడ్డు మీంచే చూస్తున్నారు.

వెలుతురు తాగి ప్రాణవాయువు వదిలే పని ఆకు లోపల ఎలా జరుగుతుందో నేను రాయను. అది మీ పుస్తకంలో ఉంది, నాకు చూడటమే ఇష్టం. మొక్కలు పాతుకున్నాక ఒక ఆదివారం లైటు వేసి మూడు గంటలు ఆగండి. ఫిల్టరు ఆపేసి ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, నాచు కాడ తెగిన చోట చూడండి. ఆవగింజలో సగం ఉన్న బుడగ ఒకటి అక్కడ పుడుతుంది, కాస్త వణుకుతుంది, విడిపోయి పైకి పోతుంది. దాని వెనకే ఇంకోటి, దండ గుచ్చినట్టు. నిమిషానికి ఎన్ని వచ్చాయో అమ్మలు లెక్కపెట్టాలి, బుజ్జిబాబు గడియారం చూడాలి. లెక్క తేలగానే నాకు ఫోన్ చెయ్యండి. ఫిల్టరు మళ్ళీ వెయ్యడం మరిచిపోకండి.

మీ తాతయ్య