ఒకే తుపాను, ఎన్నో రాతలు

చిరంజీవులు ముగ్గురికీ పెద్దమ్మ ఆశీస్సులు.

డిగ్రీలో జర్నలిజం తీసుకున్నారని తెలిసి సంతోషించాను. మొన్న ఫోన్లో మీ గోల విన్నాక మాత్రం ఉత్తరం రాయక తప్పలేదు. వార్త, ఫీచర్, సంపాదకీయం, కాలమ్, ప్రెస్‌నోట్, రేడియో స్క్రిప్టు, ఒక్కోదానికి నిర్వచనం, లక్షణాలు, ప్రయోజనాలు. ఇవన్నీ బట్టీ పట్టాలా అని టెన్షన్ పడుతున్నారు. పరీక్ష కోసం పట్టండి, తప్పదు. రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి. దీన్ని చదివినవాళ్లు చదివాక ఏం చెయ్యాలి? పడవ ఒడ్డుకు లాగాలా, ఊరు ఖాళీ చెయ్యాలా, ఎవరినైనా నిలదీయాలా, ఊరికే ఒక మనిషి కష్టం తెలుసుకోవాలా? జవాబును బట్టి రాత మారుతుంది.

ఒక్క సంఘటన తీసుకుని చెబుతాను. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అప్పుడు మీరు పలక పట్టుకునే వయసులో ఉన్నారు.

దాని గురించి మొట్టమొదట రాసింది విలేకరులు కాదు, వాతావరణ శాఖ. తుపాను ఏ అక్షాంశం, ఏ రేఖాంశం దగ్గర ఉంది, విశాఖకు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, ఏ దిశగా కదులుతోంది, గాలి వేగం ఎంత ఉండొచ్చు, ఎప్పుడు తీరం దాటొచ్చు. ఆ శాఖ విడుదల చేసే బులెటిన్‌లో ఇంతే ఉంటుంది. చదవడానికి చప్పగా ఉంటుంది, ఉండాలి కూడా. కలెక్టరు, పోర్టు అధికారి, రైల్వేవాళ్లు దాన్ని చూసి వెంటనే నిర్ణయాలు తీసుకుంటారు. అందులో ప్రతి మాటకూ ఒక కొలత ఉంది. అల్పపీడనం బలపడితే వాయుగుండం, అది తీవ్ర వాయుగుండం, గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరితే తుపాను, 89 దగ్గర తీవ్ర తుపాను, 118 చేరితే అతి తీవ్ర తుపాను. అప్పటి లెక్కలో హుద్‌హుద్ ఈ చివరి తరగతిది. తీరం దాటేటప్పుడు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. పత్రికలో వార్తలు దిద్ది పేజీకి సిద్ధం చేసే డెస్కులో కొత్తగా చేరినవాళ్లు బులెటిన్‌ను తేలిక చేస్తున్నామనుకుని వాయుగుండాన్ని కూడా తుపాను అని రాసేస్తారు. అది తేలిక చెయ్యడం కాదు, తప్పు రాయడం. వాక్యాన్ని ఎంతైనా విరగ్గొట్టండి, కొలత ఉన్న మాటను ముట్టుకోవద్దు.

అయితే బులెటిన్‌ను ఉన్నదున్నట్టు అచ్చేస్తే చేపల వేటకు వెళ్లేవాడికి ఏం అర్థమవుతుంది? ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పదో నంబరు అంటే పెను ప్రమాదం, తుపాను ఓడరేవు మీదుగానో అతి దగ్గర్లోనో దాటుతుందని. పదకొండు అంటే ఇంకా పెద్ద తుపాను అని చాలామంది అనుకుంటారు. నిజానికి తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానికి అర్థం. ఇలాంటివి విప్పి చెప్పే రాతను వివరణ అంటారు. చదివేవాడి నోట్లో ఏ ప్రశ్న ఉందో దానితోనే మొదలుపెట్టి, దానికే జవాబు చెప్పి ఆగిపోవాలి. నా మటుకు ఇది వార్త కంటే కష్టం. మనకు అర్థం కానిది ఎదుటివాడికి అర్థమయ్యేలా రాయలేం గదా.

ఇక వార్త. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరు ప్రశ్నలకూ మొదటి పేరాలోనే జవాబులు ఉండాలని మీ పాఠంలో ఉంటుంది. దాన్నే మనం ఇంట్రో అంటాం. ముఖ్యమైనది పైన, తక్కువ ముఖ్యమైనది కింద పెట్టడాన్ని తలకిందుల పిరమిడ్ అంటారు. రాత్రి పదకొండింటికి ఒక వ్యాపార ప్రకటన వచ్చి పడితే పేజీలో చోటు కోసం సబ్ ఎడిటర్ వార్తను కింద నుంచి కోస్తాడు. అసలు సంగతి ఆఖరి పేరాలో దాచుకున్నవాడి వార్త అక్కడితో సరి.

మన భాషలో ఇక్కడో చిక్కు ఉంది, పాఠాల్లో ఎవరూ చెప్పరు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఆరు జవాబులూ ఒకే వాక్యంలో కూరితే ఇలా తయారవుతుంది: "బంగాళాఖాతంలో ఏర్పడి రెండు రోజులుగా ఉత్తర కోస్తా ప్రజలను భయాందోళనలకు గురిచేస్తున్న అతి తీవ్ర తుపాను హుద్‌హుద్ ఆదివారం మధ్యాహ్నం గంటకు 170 కిలోమీటర్లకు పైగా వేగంతో వీచిన పెనుగాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటింది." ఏం జరిగిందో తెలిసేసరికి చదివేవాడికి ఊపిరి అందదు. అదే ఇలా రాయండి: "హుద్‌హుద్ తుపాను ఆదివారం మధ్యాహ్నం విశాఖ వద్ద తీరం దాటింది. గాలుల వేగం గంటకు 170 కిలోమీటర్లు మించింది. నగరంలో కరెంటు లేదు, ఫోన్లు పనిచేయడం లేదు." మూడు చిన్న వాక్యాలు, నాలుగు క్రియలు. భయాందోళనలు ఎటూ పోలేదు, మూడో వాక్యంలోనే ఉన్నాయి.

వార్తలో ఇంకొకటి, ఎవరు చెప్పారన్నది. తుపాను వేళ మృతుల సంఖ్య పొద్దున ఒకటి ఉంటుంది, సాయంత్రానికి ఇంకొకటి అవుతుంది. ఎవరు చెప్పారో, ఏ సమయానికి చెప్పారో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. "ఆదివారం రాత్రికి అధికారులకు అందిన సమాచారం ప్రకారం" అన్న ఆరు మాటలు వాక్యం అందాన్ని కాస్త చెడగొడతాయి. చెడిపోనివ్వండి.

వార్త పక్కన గీతల మధ్య చిన్న ముక్క ఉంటుంది, బాక్స్ ఐటమ్. అసలు వార్తలో పెడితే అడ్డం పడేదీ, వదిలేస్తే ప్రాణం ఒప్పనిదీ అందులో వేస్తాం. హుద్‌హుద్ అనేది ఒక పక్షి పేరు, ఆ పేరు ఇచ్చింది ఒమన్. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 2013 అక్టోబరు 12నే, ఫైలిన్ తుపాను ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఇలాంటివన్నమాట.

ఇప్పుడు ప్రెస్‌నోట్‌కు వద్దాం, అంటే ఒక సంస్థ తన సంగతి తానే రాసి పత్రికలకు పంపే కాగితం. మీలో ఒకరిద్దరు చివరికి పత్రికల్లో కాకుండా ఏ కంపెనీలోనో, ప్రభుత్వ శాఖలోనో, స్వచ్ఛంద సంస్థలోనో పౌరసంబంధాల పనిలో చేరతారు, కాబట్టి దీన్ని చిన్నచూపు చూడకండి. అక్టోబరు 14న ప్రధాని విశాఖ వచ్చి చూసి, తక్షణ సాయంగా వెయ్యి కోట్ల రూపాయలు ప్రకటించారు. ప్రెస్‌నోట్ రాసేవాడు ఎవరు ప్రకటించారన్న దానితో మొదలుపెడతాడు, అది అతని ఉద్యోగం. వార్త రాసేవాడు ఎంత, ఎవరికి, ఎప్పటికి అన్న దానితో మొదలుపెట్టాలి. "ప్రకటించారు" అన్నది "ఇచ్చారు" అయిపోకుండా కాపలా కాయాలి. ప్రకటించిన డబ్బు బాధితుడి చేతికి అందే లోపు ఎన్నో మెట్లున్నాయి. ఒక్కో మెట్టూ ఒక ఫాలోఅప్, అంటే తరువాయి వార్త.

మీరే ప్రెస్‌నోట్ రాయాల్సి వస్తే పైన తేదీ, కింద సంప్రదించాల్సిన మనిషి పేరు, ఫోన్ నంబరు పెట్టండి. ఒక పేజీ దాటనివ్వకండి. "దేశంలోనే మొట్టమొదటిసారిగా", "కనీవినీ ఎరుగని రీతిలో" అన్న మాటలు కనబడగానే నేను పనిచేసిన పత్రిక డెస్కువాళ్లు ఆ కాగితాన్ని కట్ట అడుగుకి తోసేవాళ్లు. సభలో వేదిక మీద కూర్చున్న పద్నాలుగు మంది పేర్లూ వరసగా ఇచ్చే నోట్లదీ అదే గతి. మా డెస్కుకి వచ్చినవాటిలో బాగా రాసినవి చాలా తక్కువ. అలాంటిది ఒకటి వస్తే మాత్రం పండగే, పేరు, ఊరు, అంకె సరిచూసుకుని పేజీలో పెట్టేసేవాళ్లం.

రేడియో గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నాకు ఇష్టం కాబట్టి. కరెంటు పోయి, సెల్ టవర్లు కూలి, పేపరు వ్యాను రాలేని చోట పనిచేసేది బ్యాటరీ రేడియో ఒక్కటే. కాగితం మీద చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి వెళ్తాడు. వినేవాడికి ఆ వీలు లేదు. అందుకని "పైన పేర్కొన్న", "ఈ కింది" లాంటివి రేడియోలో చెల్లవు, పైనా కిందా అక్కడ ఏమీ లేవు. "1,96,540 మందిని తరలించారు" అని ఉంటే "దాదాపు రెండు లక్షల మందిని" అని రాయాలి, అదీ అంకెల్లో కాకుండా అక్షరాల్లో, చదివేవారు తడబడకుండా. హోదా ముందు, పేరు తర్వాత. ముఖ్యమైన జాగ్రత్తను చివర ఇంకోసారి చెప్పాలి, మధ్యలో రేడియో పెట్టినవాళ్లు ఉంటారు. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య ఉండే ప్రశాంతమైన భాగం, ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు, కాసేపటికి అటువైపు నుంచి మళ్లీ మొదలవుతుంది. "గాలి ఆగినా బయటికి రావద్దు. మళ్లీ వీస్తుంది." ఈ రెండు వాక్యాలు రాయడానికి గొప్ప శైలి అక్కర్లేదు. పెద్దగా చదివి చూసుకుంటే చాలు. మీరు రాసిన ఏ రేడియో ముక్కనైనా నోటితో చదవందే ఇవ్వకండి.

టీవీలో బొమ్మే సగం చెప్పేస్తుంది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయిన దృశ్యం తెర మీద కనిపిస్తుంటే "పైకప్పు ఎగిరిపోయింది" అని గొంతు పెట్టి చెప్పడం వృథా. విమానాలు ఎప్పటికి తిరుగుతాయో చెప్పండి. ఫొటో కింద రాసే వ్యాఖ్యకూ ఇదే వర్తిస్తుంది, బొమ్మలో కనబడనిది రాయాలి. స్క్రోలింగుల సంగతి నన్ను అడక్కండి, రక్తపోటు పెరుగుతుంది.

గాలి వెళ్లిపోయాక పది రోజులకు వార్తలు పలచబడతాయి. అప్పుడు ఫీచర్ మొదలవుతుంది. విశాఖలో ఆ ఒక్క రోజు లెక్కలేనన్ని చెట్లు నేలకూలాయి. ఎన్ని కూలాయన్నది వార్త. చెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకునే మనిషి ఇప్పుడు ఎండలో ఏం చేస్తున్నాడన్నది ఫీచర్. దీన్ని కింద నుంచి కోయకూడదు, చివరి పేరాకి కూడా పని ఉంటుంది. మొదలు ఎక్కడనుంచైనా పెట్టొచ్చు, కానీ నాలుగో పేరా వచ్చేసరికి ఈ కథ ఎందుకు చెబుతున్నారో చదివేవాడికి తెలిసిపోవాలి. దీనికోసం కాళ్లు అరగాలి. ఆఫీసులో ఏసీ కింద కూర్చుని రాసిన ఫీచర్‌లో విశేషణాలే ఉంటాయి. "హృదయ విదారకం", "గుండెలు పిండేసే", "కన్నీటి పర్యంతం" అనే మూడు మాటల్ని నేను నా డెస్కులో రానిచ్చేదాన్ని కాదు. ఆ మనిషి రోజుకు ఎన్ని జతల బట్టలు ఇస్త్రీ చేసేవాడు, ఇప్పుడు ఎన్ని వస్తున్నాయో అడిగి రాస్తే వాటి అవసరం ఉండదు.

సంపాదకీయం పత్రిక గొంతు, అందుకే కింద పేరు ఉండదు. మచిలీపట్నం నుంచి వచ్చిన కృష్ణాపత్రికలో ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకీయాల కోసమే ఆ పత్రిక కొనేవాళ్లు ఉండేవారట. ఆంధ్రప్రభలో, ఆ తర్వాత ఆంధ్రజ్యోతిలో నార్ల వెంకటేశ్వరరావుగారు రాసిన తీరు ఇంకొకటి, పదునుగా, సూటిగా. లైబ్రరీలో పాత సంపుటాలు దొరికితే ఇద్దరివీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకే పని రెండు రకాలుగా ఎలా చెయ్యొచ్చో తెలుస్తుంది. సంపాదకీయంలో అభిప్రాయం ఒక్కటే ఉండాలి, అది మూడో వాక్యానికల్లా తెలియాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. స్తంభాల మీద తీగలు మళ్లీ వేలాడదీయాలా, నేలలోపల కేబుళ్లు వెయ్యాలా? అదీ సంపాదకీయానికి తగిన విషయం. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో భూగర్భ కేబుళ్ల పనులు చేపట్టారు కూడా. "ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలని ఆశిద్దాం" అని ముగిసే సంపాదకీయానికి అసలు అభిప్రాయమే లేదని అర్థం. కాలమ్ అంటే ఒక మనిషి తన పేరుతో క్రమం తప్పకుండా రాసేది; దాని కింద పేరు ఉంటుంది, అందులో పొరపాటైనా మొండితనమైనా ఆ మనిషిదే.

మీరు ఈ వారమే మొదలుపెట్టదగ్గది సంపాదకుడికి లేఖ. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక సమస్య, అది ఉన్న చోటు, ఎవరు సరిచెయ్యాలి. వంద మాటల్లో ఈ మూడూ పట్టించడం మీ సిలబస్ మొత్తంలోకీ మంచి కసరత్తు.

ఒక రకం రాత మీ జాబితాలో లేదు. సవరణ. నిన్న అచ్చయినదాంట్లో పేరో, ఊరో, అంకో తప్పు పడితే ఈరోజు వేసే నాలుగు లైన్లు. చాలామంది దీన్ని ఎక్కడో మూలన, ఏది తప్పో తెలియకుండా, "సాంకేతిక కారణాల వల్ల" అని నసిగి రాస్తారు. ఏ తేదీ, ఏ పేజీ, ఏది పొరపాటు, ఏది సరైనది, అంతే రాయాలి. చనిపోయినవారి జాబితాలో బతికున్న మనిషి పేరు పడిందనుకోండి, ఆ ఇంట్లోవాళ్లు ఆ నాలుగు లైన్ల కోసం పేపరంతా వెతుకుతారు. వాళ్లకు కనబడేలా వెయ్యాలి.

సరే, పని చెబుతా. మీ ఊళ్లో ఈ నెల జరిగిన ఏదైనా ఒక్క సంగతి తీసుకోండి, మంచినీళ్ల ట్యాంకు ప్రారంభమైనా, బస్సు రద్దయినా సరే. దాన్నే వార్తగా, రేడియో ముక్కగా, సంపాదకుడికి లేఖగా రాయండి. ముగ్గురూ ఒకే సంగతి తీసుకోవద్దు, ఒకరిది చూసి ఒకరు రాస్తారని నాకు తెలుసు. దసరాకు వచ్చినప్పుడు కాగితాలు పట్టుకురండి. ఫోన్లో ఫొటోలు తీసి పంపకండి, నా కళ్లకు ఆ అక్షరాలు ఆనవు.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పండి.

మీ
పెద్దమ్మ