నొప్పి తగ్గింది కదా, ఆడేయొచ్చా? బాస్కెట్‌బాల్ గాయాలపై అపోహలు - వాస్తవాలు

2025 జూన్ 23 తెల్లవారుజామున ఐదున్నరకే విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఏడో మ్యాచ్, ఇండియానా పేసర్స్‌కూ ఓక్లహోమా సిటీకీ మధ్య. నేను ఫిజియోథెరపిస్టుని, పేసర్స్ అభిమానిని. మా జట్టు ఆటగాడు టైరీస్ హాలిబర్టన్ అప్పటికే మూడు త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బుట్టలు) వేశాడు. మొదటి క్వార్టర్ ముగియకముందే, కుడికాలితో నేలను తన్ని ముందుకు ఉరకబోయి కూలబడ్డాడు. అరచేత్తో కోర్టును బాదుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. అకిలిస్ టెండన్ తెగింది. ఓక్లహోమా సిటీ 103-91తో కప్పు గెలిచింది. ఆ వారమంతా నా దగ్గరికొచ్చే కుర్రాళ్లు అడిగినవే ఈ కింది అపోహలన్నీ.

అపోహ: ఎవరో గట్టిగా తగిలితేనే అంత గాయమవుతుంది.

వాస్తవం: హాలిబర్టన్‌ను ఎవరూ తాకలేదు. ఈ గాయం ఎక్కువగా అలాగే, కాలు తన్ని కదిలే క్షణంలో అవుతుంది. వెనక నుంచి ఎవరో తన్నారనుకుని తిరిగి చూశామని చాలామంది చెబుతారు. మనవాళ్లు దీన్ని మడమ నరం అంటారు కానీ నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే టెండన్. బోర్లా పడుకోబెట్టి పిక్కను పిసికితే పాదం దానంతటదే వంగాలి. పూర్తిగా తెగితే కదలదు.

అపోహ: నొప్పి పోతే గాయం మానినట్టే.

వాస్తవం: నేను రోజూ వాదించేది దీని మీదే. హాలిబర్టన్‌కు ఐదో మ్యాచ్‌లో అదే కుడి పిక్క పట్టేసింది. 2019లో గోల్డెన్ స్టేట్ జట్టు ఆటగాడు కెవిన్ డ్యురాంట్ పిక్క గాయంతో నెలరోజులు ఆగి, ఫైనల్స్ ఐదో మ్యాచ్‌కు వచ్చాడు. రెండో క్వార్టర్‌లో అకిలిస్ తెగింది. పిక్క గాయమే దీనికి కారణమని కచ్చితంగా తేల్చలేం. కానీ రెండూ ఒకే గొలుసులో లంకెలు. అందుకే నొప్పిని కాదు, బలాన్ని చూస్తాను. ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తి దించమంటాను. మొన్న ఒక ఇంటర్ కుర్రాడు కుడికాలితో 24 సార్లు ఎత్తాడు. దెబ్బ తగిలిన ఎడమకాలు 11 దగ్గరే వణికింది. "నొప్పి లేదు కదా సార్, ఎల్లుండే టోర్నమెంట్" అన్నాడు. పంపలేదు. ఆరు వారాలు పట్టింది.

అపోహ: ఆటగాళ్లు గాయపడితే అవతలివాళ్ల కప్పుకు విలువ లేదు.

వాస్తవం: 2019లో డ్యురాంట్ తర్వాత ఆరో మ్యాచ్‌లో అదే జట్టులోని క్లే థాంప్సన్ మోకాలి లిగమెంట్ కూడా తెగింది. అయినా ప్రత్యర్థి టొరంటో 4-2తో గెలిచిన కప్పు టొరంటోదే. ఎదురుగా ఉన్నవాళ్లతోనే కదా ఎవరైనా ఆడేది! 1970 ఫైనల్స్‌లో తొడ గాయంతో ఏడో మ్యాచ్‌కు దిగిన న్యూయార్క్ ఆటగాడు విల్లిస్ రీడ్‌ను అందరూ తలుచుకుంటారు. అతను వేసింది 4 పాయింట్లు. ఆ రోజు 36 పాయింట్లు, 19 అసిస్టులు (తోటివాళ్లు బుట్టలో వేసేలా అందించిన పాస్‌లు) చేసి గెలిపించింది అతని సహచరుడు వాల్ట్ ఫ్రేజియర్.

అపోహ: ఆర్.కె. బీచ్ ఇసుకలో పరిగెడితే పిక్కలు ఉక్కవుతాయి.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న కాలికి మంచిదే. గాయం నుంచి కోలుకుంటున్న కాలికి కాదు. మెత్తటి ఇసుకలో మడమ దిగబడి అడుగడుగునా టెండన్ సాగుతుంది. పైగా ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలి మీదే భారం ఎక్కువ. ముందు చదునైన నేల మీద నడక, తర్వాత పరుగు, ఆ తర్వాత గెంతులు. ఇసుక అన్నిటికన్నా చివర.