గడ్డి ఉన్నా పశువులు ఎందుకు చిక్కిపోతాయి?

ప్రియమైన పిల్లలకు,

బయలంతా మోకాలెత్తు గడ్డి ఉండగా ఎండాకాలంలో పశువుల పక్కటెముకలు ఎందుకు తేలుతున్నాయని మీరు అడిగారు. మీ వయసులో నన్నూ ఇదే ప్రశ్న వేధించింది.

గడ్డిలోని పీచును పశువు తనంతట తాను అరిగించుకోలేదు. దాని పెద్ద పొట్టలో కాపురముండే కోటానుకోట్ల సూక్ష్మజీవులే ఆ పని చేసిపెడతాయి. వాటిని వంటవాళ్లు అనుకోండి. పచ్చిక ముదిరి ఎండితే అందులో మాంసకృత్తులు నూటికి 3 నుంచి 5 పాళ్లకు పడిపోతాయి. సుమారు 7 పాళ్లయినా లేకపోతే, ఆ మాంసకృత్తుల నుంచి దొరికే నత్రజని చాలక వంటవాళ్లు నీరసపడతారు. వంట సాగకపోతే సరుకు కదలదు, కొట్టు ఖాళీ కాదు, కొత్త సరుకుకు చోటుండదు. అందుకే పశువు నిండు పొట్టతోనే మేత తగ్గించి, తన ఒంటి కండనే కరిగించుకుంటుంది.

చిన్నతనంలో నేను కాసిన మందలో ఒక పెయ్య గడ్డి మధ్యనే నిలబడి మేసేది కాదు. సోమరిదని అదిలించాను. ఒక పెద్దాయన నన్ను వారించి, రోజూ దానికి ఒడినిండా ఎండు అలసంద తీగ వేశారు. కొన్నాళ్లకు అది ఆ ఎండుగడ్డినే ఆబగా మేయసాగింది. నోరులేని జీవాన్ని తిట్టేముందు దాని ఆకలిని తెలుసుకోవాలని ఆనాడే నేర్చుకున్నాను.

అలసంద, స్టైలో, లూసర్న్, సుబాబుల్ వంటి పప్పుజాతి మేతల్లో నత్రజని ఎక్కువ; అవే వంటవాళ్లకు పెట్టే భోజనం. మేతలో నాలుగో వంతు ఉన్నా చాలు, మిగతా గడ్డి కూడా అరుగుతుంది. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది కాబట్టి దాన్ని మాత్రం మేతలో మూడో వంతు దాటనివ్వకూడదు.

ఇక్కడ నా పోలిక తెగిపోతుంది. ఎందుకంటే ఆ వంటవాళ్లే చివరకు గడ్డితోపాటు లోపలి పొట్టలోకి జారి, అరిగి, పశువుకు కండ అవుతారు! మాంసం కోసం పెంచే ఎద్దు మేసింది గడ్డే అయినా, దాని కండలో ఎక్కువ భాగం ఈ కంటికానని జీవుల నుంచి వచ్చిందే. దీన్ని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యం తీరదు.

పప్పుజాతి మొక్కకు అంత నత్రజని ఎక్కడిదని మళ్లీ అడుగుతారు. వానలు పడ్డాక, పూతకు వచ్చిన అలసంద మొక్కను వేళ్లు తెగకుండా పెకలించండి. వేళ్లకు అంటుకున్న బుడిపెల్లో ఒకదాన్ని గోటితో చీల్చి, లోపల ఏ రంగు ఉందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య