కతెరీనా అంటే "స్వచ్ఛమైనది" అనేనా? ఒక గ్రీకు పేరు చుట్టూ అపోహలు - వాస్తవాలు

గ్రీకు పేర్ల చరిత్ర మీద పనిచేసేవాళ్లకి తరచుగా ఎదురయ్యే ప్రశ్న, "ఈ పేరుకి అర్థం ఏంటండీ?" అన్నదే. పాపకి కేథరిన్ అనో, కత్రినా అనో, కాట్యా అనో పెట్టాలనుకునే తెలుగు తల్లిదండ్రులు నన్నూ అదే అడుగుతుంటారు. వీటన్నిటికీ మూలం ఒకటే, ఎకతెరీని అనే గ్రీకు పేరు. ఇంట్లో, వీధిలో పిలుపు కతెరీనా. నెట్‌లో ఏ పేర్ల జాబితా తెరిచినా దీని పక్కన "స్వచ్ఛమైనది" అని ఉంటుంది. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోవడంతో అది రుజువైన సంగతిలా పాతుకుపోయింది. ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: "స్వచ్ఛం" అనే గ్రీకు మాట నుంచి ఈ పేరు పుట్టింది.

వాస్తవం: ఆ మాట కథరోస్. అందులో ఉన్న అక్షరం థీటా. పేరులో ఉన్నది టౌ. ప్రాచీన గ్రీకులో టౌని మన "త" లాగా, థీటాని మన "థ" లాగా పలికేవారు. రెండు అక్షరాలూ ఓనమాలతోనే నేర్చుకునే మనకి ఆ తేడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా గ్రీకులో ఈ పేరు మొదట్లో ఇంకో అచ్చు ఉంది. ఇప్పుడు "ఎ" అని పలుకుతారు, పాతకాలంలో "ఐ". కథరోస్‌లో అలాంటిదేమీ లేదు.

మరి ఈ ముడి ఎలా పడింది? కన్యగా ఉండి విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన కేథరిన్ అనే పునీతురాలి పేరు కాబట్టి, తొలినాటి క్రైస్తవులకి "కథరోస్" దీనికి చక్కగా అతికినట్టు అనిపించింది. లాటిన్‌లో రాసేటప్పుడు ఆ భావంతోనే టి పక్కన ఒక హెచ్ చేరింది. ఆ హెచ్ ఇంగ్లీషు కేథరిన్‌లోకి, అక్కణ్ణించి మన "థ"లోకి వచ్చింది. గ్రీసులో మాత్రం ఇప్పటికీ "త"యే.

అసలు పుట్టుక మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. "ఇద్దరిలో ప్రతి ఒక్కరూ" అనే అర్థమున్న హెకతెరోస్ నుంచి వచ్చిందని కొందరు, హెకతె అనే దేవత పేరు నుంచి వచ్చిందని ఇంకొందరు అంటారు. నా మొగ్గు మొదటి వాదన వైపే. పేరు మధ్యలోని "తెర్" ఆ మాటలో ఉంది, దేవత పేరులో లేదు. అలాగని స్వచ్ఛత అనే భావం నచ్చి పాపకి ఈ పేరు పెట్టుకుంటే తప్పేం లేదు. అది శతాబ్దాలుగా పేరుతో కలిసి నడుస్తున్న భావమే. తర్వాత చేరిన అర్థం అని తెలిసి చెప్పుకుంటే చాలు.

అపోహ: కాట్యా, కాత్యాయని ఒకే మూలం నుంచి వచ్చాయి.

వాస్తవం: కాదు. కాట్యా అనేది రష్యాలో ఎకతెరీనాకి ముద్దుపేరు. కాత్యాయని అంటే కాత్యాయన వంశానికి చెందినది, సంస్కృత పదం. వినడానికి దగ్గరగా ఉన్నాయంతే.

అపోహ: ఇది గ్రీకు పురాణాల నాటి పేరు.

వాస్తవం: గ్రీకు పేరు అనగానే దేవతలు, ట్రాయ్ యుద్ధం గుర్తొస్తాయి. హెలెన్, పెనెలొపె నిజంగానే అక్కడివి. కానీ హోమర్ కావ్యాల్లో ఎకతెరీని ఎక్కడా లేదు. ఈ పేరు లోకమంతా పాకింది అలెగ్జాండ్రియాకి చెందిన పునీత కేథరిన్ వల్ల. సంప్రదాయం ప్రకారం ఆమె బాగా చదువుకున్న అమ్మాయి. చక్రవర్తి పిలిపించిన యాభై మంది పండితుల్ని వాదంలో ఓడించింది. మేకులు కొట్టిన చక్రంతో చంపబోతే అది విరిగిపోయింది, చివరికి తల నరికించారు. ఇదంతా 4వ శతాబ్దం మొదట్లో జరిగిందని చెబుతారు. బాణసంచాలో గిర్రున తిరుగుతూ నిప్పురవ్వలు చిమ్మే చక్రాన్ని ఇంగ్లీషులో కేథరిన్ వీల్ అనడం కూడా ఈ కథ వల్లే.

ఆ కాలంలో రాసిన ఆధారం మాత్రం ఏదీ దొరకలేదు. అందుకే కాథలిక్ చర్చి 1969లో తన సార్వత్రిక పంచాంగం నుంచి ఆమె పండుగని తీసేసి, 2002లో మళ్లీ చేర్చింది. చరిత్రకి దొరకని ఒక స్త్రీ పేరు ఇన్ని దేశాల్లో ఇన్ని రూపాల్లో బతికి ఉండటం, అదీ పండితులతో వాదించి గెలిచిన అమ్మాయిగా బతికి ఉండటం, నాకు ఈ పేరులో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి.

ఈజిప్టులోని సినాయి కొండ దగ్గరున్న సెయింట్ కేథరిన్ మఠం ఆమె కోసమే కట్టారనీ అనుకుంటారు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి దాన్ని కట్టించింది, బైబిల్‌లోని మోషే ప్రవక్త మండే పొదని చూశాడని నమ్మే చోట. ఆమె అవశేషాలు అక్కడ దొరికాయన్న నమ్మకం బలపడ్డాక, తర్వాతి శతాబ్దాల్లో మఠానికి ఆమె పేరు వచ్చింది. రష్యాలోని ఎకతెరిన్‌బర్గ్‌కి ఆ దేశపు మహారాణి కేథరిన్ ద గ్రేట్ పేరు పెట్టారనుకోవడమూ ఇలాంటి పొరపాటే. ఆ ఊరు 1723లో మొదలైంది. కేథరిన్ ద గ్రేట్ పుట్టిందే 1729లో, అదీ జర్మనీ రాచకుటుంబంలో, సోఫీ అనే పేరుతో. ఊరికి పెట్టిన పేరు పీటర్ చక్రవర్తి భార్య మొదటి కేథరిన్‌ది.

అపోహ: ఎకతెరీని, కతెరీనా రెండు వేర్వేరు పేర్లు.

వాస్తవం: గ్రీకు కాగితాలు చూసేవాళ్లకి ఇది తెలియకపోతే టెన్షనే. ధ్రువపత్రంలో ఎకతెరీని అని ఉన్న మనిషిని ఊరంతా కతెరీనా అనే పిలుస్తుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో పోల్ వాల్ట్ స్వర్ణం గెలిచిన కతెరీనా స్తెఫానీది అనే క్రీడాకారిణి పేరు ఫలితాల్లో ఎకతెరీని అని ఉంటుంది. 2020లో గ్రీసుకి తొలి మహిళా అధ్యక్షురాలైన కతెరీనా సకెల్లరొపూలూ విషయమూ అంతే. ఆమె ఇంటిపేరు చివరి "పూలూ" చూసి తండ్రిది వేరే ఇంటిపేరు అనుకోకండి. మగవాళ్లకి సకెల్లరొపూలోస్, ఆడవాళ్లకి సకెల్లరొపూలూ. ఇంకోటి, పేరు పలికేటప్పుడు ఊనిక "రీ" మీద పడాలి.

గ్రీసులో చాలా ఇళ్లలో మనవరాలికి నానమ్మ పేరో, అమ్మమ్మ పేరో పెడతారు. మన దగ్గరా ఈ అలవాటు ఉంది కాబట్టి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు కతెరీనాలు ఎందుకుంటారో మనకి ఇట్టే అర్థమవుతుంది. నవంబర్ 25 వాళ్లందరి నామదినం, అంటే ఆ పేరున్న పునీతురాలి పండుగ రోజు. పెద్దవాళ్లలో చాలామందికి పుట్టినరోజు కన్నా ఇదే ముఖ్యం. తెలిసినవాళ్లంతా ఫోన్ చేసి "హ్రోనియా పొల్లా" అంటారు, నిండు నూరేళ్లు వర్ధిల్లమనే దీవెన లాంటిది. స్వీట్లు పంచేది ఆ పేరున్న మనిషే.

అపోహ: ముద్దుపేర్లలో ఏది వాడినా ఒకటే.

వాస్తవం: కేతి అనొచ్చు, రీనా అనొచ్చు. కతీనా అనే ముందు మాత్రం ఆగండి. ఒకప్పుడు అది మామూలు గౌరవమైన పేరే. ఆస్కార్ అందుకున్న గ్రీకు నటి కతీనా పక్సినూ ఆ పేరుతోనే వెలిగింది. ఇప్పటి వాడుకలో అది ఊళ్లో కబుర్లన్నీ మోసుకు తిరిగే, నోరుపెట్టుకుని బతికే ఆవిడని ఎత్తిపొడిచే మాట అయిపోయింది. ఆ పేరున్న బామ్మలు ఇంకా ఉన్నారు, వాళ్లని ఆ పేరుతో గౌరవంగానే పిలుస్తారు. కొత్తగా పరిచయమైన కతెరీనాని మాత్రం చనువుగా కతీనా అని పిలవకండి, ఆవిడ నొచ్చుకుంటుంది.